తొమ్మిది రోజుల మోటారు

పుణె,
12 నవంబరు 2025

అక్కకు నమస్కారం.

ఫోను చేస్తే ‘ఆఁ’, ‘ఊఁ’ అని పెట్టేస్తావు. పగలంతా ఫోను సొరుగులో పడేసి కూర్చుంటావు. కాగితం మీదైతే నాలుగు మాటలు ఎక్కువ చెబుతావని ఇలా రాస్తున్నాను.

నాకు నీతో ఒక పని పడింది. చేతిలో నైపుణ్యం ఉన్న వృత్తులు దేశ ఆర్థిక వ్యవస్థకు ఎంత బలమిస్తున్నాయో తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అందులో ఒక అధ్యాయం నా మీద పడింది. కాలేజీలో పాఠం చెప్పడం వేరు, ఇది వేరు. వెల్డర్లు, టర్నర్లు, ఫిట్టర్లు, తాపీ మేస్త్రీలు, అందరినీ రెండు గడుల్లో సర్దాలి. పెరుగుతున్న వృత్తులు ఒక గడిలో, తరుగుతున్న వృత్తులు రెండో గడిలో.

మోటారు వైండింగ్ దగ్గర కలం ఆగింది. మన చిన్నప్పుడు వీధికి ఇద్దరు రేడియో రిపేరువాళ్లుండేవారు, గుర్తుందా? ఇప్పుడు వెతికినా ఒక్కడు దొరకడు. కొత్త మోటార్లు చవకగా వస్తుంటే కాలిపోయినదానికి మళ్లీ తీగ చుట్టించేవాడు ఎన్నాళ్లుంటాడు? నాన్న పెట్టిన మన వైండింగ్ దుకాణానికి నెలకు ఎన్ని మోటార్లు వస్తాయి, ఎంతమంది పనిచేస్తున్నారు, వాళ్ల చదువేమిటి, రాసి పంపు. నీకూ యాభై ఆరు నిండాయి. తీగ చుట్టే ఆ స్టూలు మీద ఇంకెన్నాళ్లో అదీ రాయి. నివేదిక కోసం కాదులే, నా కోసం.

నీ తమ్ముడు
సుభాష్


నాందేడ్,
20 నవంబరు 2025

చిరంజీవి సుభాష్‌కు అక్క ఆశీస్సులు.

అడిగినవి రాస్తున్నాను.

నెలకు నలభై మోటార్లు. నాట్ల రోజుల్లో అరవై. అన్నీ బోరు మోటార్లు, బావి మోటార్లు. నాతో పాటు ముగ్గురు ఆడపిల్లలు. అర్పితది తెలంగాణ సరిహద్దు దగ్గరి ఇస్లాపూర్. దీపాలిది కిన్వట్ అవతల ఒక పల్లె. ప్రాచి ఇక్కడే నాందేడ్‌లో పుట్టింది, మరాఠీ బడిలో చదివింది. ముగ్గురూ పది పాసయ్యారు. మిగతా చదువు ఇక్కడే.

పొద్దున దీపం పెడతాం. బాసర అమ్మవారి పటానికి దండం పెట్టి పనికి కూర్చుంటాం. ఒక మోటారు ఒకరి చేతి మీదే నడుస్తుంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఫోను సొరుగులో ఉండేది అందుకే.

నాన్న పోయి పదకొండేళ్లయింది. బోర్డు మీద ఇంకా ఆయన పేరే ఉంది. స్టూలు గట్టిగానే ఉంది.

ఏ గడిలో పెట్టాలో నాకు తెలియదు. మోటారు కాలి వచ్చిన రైతు ఆ రోజు అన్నం తిని ఉండడు. అది మాత్రం తెలుసు.

అక్క వత్సల


పుణె,
8 డిసెంబరు 2025

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కానీ ‘రైతు అన్నం తిని ఉండడు’ అన్న మాటను నేను ఏ పట్టికలో వేయను? కమిటీలో అందరూ అంకెల మనుషులు.

ఉన్న మాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు నెలంతా చేసే నలభై మోటార్లు ఒక ఫ్యాక్టరీ టీ తాగే లోపల దింపేస్తుంది. దేశం ముందుకు పోయేది పెద్ద సంఖ్యలతో. నీ చేతిలో ఉన్నది గొప్ప విద్య, కాదనను. కానీ అది వీణ వాయించడం లాంటిది. వినడానికి బాగుంటుంది, దాని మీద దేశం నడవదు. చిత్తు ప్రతిలో వైండింగ్‌ను రెండో గడిలో, అంటే తరుగుతున్న వృత్తుల్లో వేశాను. మార్చి దాకా గడువుంది. మార్చాలంటే నాకు గట్టి కారణం చూపించాలి.

చూశావా, పరీక్ష పేపరు ఇచ్చినట్టే రాశాను. మాస్టారి బుద్ధి.

సుభాష్


నాందేడ్,
19 జనవరి 2026

చిరంజీవి సుభాష్‌కు ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. కోపం లేదు.

ఈ పొద్దు దుకాణానికి పెద్ద మోటారు వచ్చింది. కుండల్‌వాడి దగ్గర గోదావరి మీద రైతుల ఎత్తిపోతల సంఘం ఉంది కదా, వాళ్లది. నూరు హార్స్ పవర్. ఆరువందల ఎకరాలకు నీళ్లెక్కించేది అదొక్కటే. మొన్న కాలిపోయింది. సంఘం అధ్యక్షుడు బాలన్న తెచ్చాడు, నాన్న స్నేహితుడి కొడుకు. వెంట హన్మాండ్లు అనే పెద్ద రైతు వచ్చాడు. ట్రాక్టరు మీంచి దించడానికి ఆరుగురు పట్టారు.

బాలన్న లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

“కంపెనీవాళ్లు ఇరవై ఐదు రోజులంటున్నరు చెల్లే. గోధుమ పొట్ట మీదున్నది. పన్నెండు రోజుల్ల నీళ్లు రాకుంటె కోసుడు గూడ దండుగే. నీతోని అయితదా? ఇది బోరు మోటారు గాదు మల్ల.”

“చూస్తున్న గద బాలన్నా.”

హన్మాండ్లు మాత్రం పిల్లల వైపు చూసి మూతి తిప్పాడు. “ఈ పోరీలు జేస్తరా గిది? తీగ కట్ట మోసుడన్న అస్తదా వీళ్లకు?”

దీపాలి ఊరుకునే రకం కాదు. “మోసుడు హమాలీ పని తాతా. సుట్టుడు మా పని.”

“నోరు గూడ బాగనే సుడతది” అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మోటారు వైపే చూస్తున్నాను. తొమ్మిది రోజులన్నాను.

“కాకుంటె?” అన్నాడు బాలన్న.

“కాకుంటె బోర్డు దింపుత.”

ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. నాన్న పేరు రాసిన బోర్డు. అమ్మవారు అనిపించిందనుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోలేను.

ఇంత పెద్దదాన్ని ఒక్కరు చుడితే నెల పడుతుంది. అందుకని మొదటిసారి పని పంచాను. మూడు ఫేజులు, ముగ్గురు పిల్లలు. ఒక్కొక్కరికి ఇరవై నాలుగు కాయిళ్లు, అంటే తీగ చుట్టలు, కాయిలుకు తొమ్మిది చుట్లు. వాటిని మోటారులో దించి కట్టడం నా వంతు.

వెళ్లాలి. పాత తీగ పీకుతున్నారు.

అక్క


పుణె,
22 జనవరి 2026

అక్కా,

బోర్డు దింపుతానన్నావా? నలభై ఏళ్ల పేరును ఒక్క మోటారు మీద పందెం కాశావా? నువ్వేనా ఆ మాట అన్నది? చీరకు పిన్ను పెట్టడానికి కూడా పది నిమిషాలు ఆలోచించేదానివి.

నా మాట విను. ఇంకా సమయముంది. మోటారు వాళ్లకిచ్చేయి, కంపెనీకి పంపుకుంటారు. దానికి యంత్రాలు కావాలి, ఇంజినీర్లు కావాలి. నీ దగ్గర ముగ్గురు పిల్లలూ ఒక స్టూలూ తప్ప ఏమున్నాయి? తేడా వస్తే ఆరువందల ఎకరాల వాళ్లు నీ గడప ముందు నిలబడతారు. అయినా బాలన్న కంపెనీకే పంపుతాడనుకున్నాను. నీ దగ్గరికి ఎందుకొచ్చాడో నాకు అర్థం కావడం లేదు.

రోజూ ఆ ఆరువందల ఎకరాలే కళ్ల ముందు మెదులుతున్నాయి. ఇచ్చేయి అక్కా.

సుభాష్


నాందేడ్,
24 జనవరి 2026

సుభాష్‌కు,

ఇది ఆరో రోజు. వార్నిష్ పోయక ముందు కరెంటు పెట్టి చూశాం. మీటర్లలో రెండు ఫేజులు ముప్పై దగ్గరున్నాయి. మూడోది ఇరవై మూడు. మూడూ సమానంగా ఉండాలి. ఇలా నదికి పంపితే గంటలో మళ్లీ కాలుతుంది.

తప్పు ఎక్కడుందో తెలియదు. పిల్లలు ఏడుస్తున్నారు. ఇంటికి పొమ్మన్నాను. ఈ పూట ఉపవాసం ఉన్నాను.

ఫోను చేయకు.

అక్క


నాందేడ్,
30 జనవరి 2026

చిరంజీవి సుభాష్‌కు ఆశీస్సులు.

కొంచెం పెద్ద ఉత్తరం. తీరికగా చదువు.

ఆదివారం పొద్దున పిల్లలు ముగ్గురూ పిలవకుండానే వచ్చారు. దీపం పెట్టాం. మోటారును ముట్టలేదు. ఒక్కొక్కరినీ నా ఎదుట కూర్చోబెట్టి, ఒక కాయిలు చుట్టి చూపమన్నాను. లెక్క పైకి వినబడాలన్నాను.

అర్పిత చుట్టింది. “లాభం, రెండు, మూడు…” తొమ్మిది దగ్గర ఆగింది. దీపాలి కూడా అంతే. నీకు గుర్తుంటుంది. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. నాన్న ఆ అలవాటునే తీగ దగ్గరికి తెచ్చాడు. నాకు అలాగే నేర్పాడు, నేను వీళ్లకు నేర్పాను.

ప్రాచి కూర్చుంది. “లాభం… ఒకటి, రెండు…”

“ఆగు బిడ్డా. లాభం అన్నప్పుడు చెయ్యి తిరిగిందా?”

“తిరిగింది తాయీ.” మరాఠీ బడి పిల్ల కదా, అక్క అనకుండా తాయీ అంటుంది.

“మల్ల ఒకటి అన్నప్పుడు?”

“మల్ల తిరిగింది.”

“లాభం అంటె ఏందనుకున్నవ్?”

“దేవుని పేరనుకున్న. నువ్వు పొద్దుగాల దండం పెడతవ్ గద. గట్లనే ప్రతి కాయిలుకు ఒక సుట్టు దేవునికి అనుకున్న.”

దీపాలి నెత్తి కొట్టుకుంది. “దేవునికి రాగి తీగ ఎందుకే, మోటారు పెట్టుకుంటడా?”

నాకు కూడా నవ్వొచ్చింది. తర్వాత ప్రాచి ముఖం చూసి ఆపుకున్నాను. పట్నంలో పెరిగిన పిల్ల. కల్లం ఎన్నడు చూసింది? రెండేళ్లుగా ప్రతి కాయిలుకు ఒక చుట్టు ఎక్కువే చుడుతోంది. చిన్న మోటార్లలో చుట్లు యాభై, అరవై. అదీ మోటారంతా ఒకే చెయ్యి. అన్నిట్లో ఒకటి ఎక్కువైతే బయటపడదు. దీంట్లో చుట్లు తొమ్మిదే, చేతులు మూడు. ఒక ఫేజు పది చుట్లయింది, మిగతా రెండు తొమ్మిది.

ఇంకో మాట దాచకుండా చెబుతాను. కాయిళ్లు దించేటప్పుడే ప్రాచి, “తాయీ, నావి బిగువుగున్నయ్” అంది. మెల్లగా తట్టు, పడతాయి అన్నాను. ఆగి ఎందుకని అడగలేదు. ‘లాభం’ అంటే ఏమిటో రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. తప్పు ఆ పిల్లది కాదు, నాది. వాళ్ల ముందే ఆ మాట అన్నాను.

ఆ ఇరవై నాలుగు కాయిళ్లు కోసి తీశాం. తీగ సరిపోలేదు. ఆదివారం, మర్నాడు జెండా పండుగ. తీగలమ్మే యోగేశ్ సేఠ్ ఇంటికి వెళ్లాను. పూజలో ఉన్నాడు. సంగతి విని, హారతి పళ్లెం భార్య చేతికిచ్చి, తడి పంచెతోనే వచ్చి షట్టరు ఎత్తాడు.

మళ్లీ చుట్టడం ఎవరని అర్పిత అడిగింది. ప్రాచే అన్నాను. ‘నేను సుట్ట తాయీ, మల్ల తప్పు పోతది’ అంది ఆ పిల్ల. తప్పెక్కడుందో తెలిసిన చెయ్యి ఈ దుకాణంలో నీదొక్కటే అన్నాను. కూర్చుంది. ఇరవై నాలుగూ ఒక్క రోజున్నరలో చుట్టింది. ఒక్కదాన్ని కూడా విప్పవలసిన పని పడలేదు.

ఎనిమిదో రోజు కరెంటు పెట్టాం. ముప్పై, ముప్పై, ముప్పై. వార్నిష్ పోసి బట్టీలో ఎండబెట్టాం. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ట్రాక్టరు ఎక్కింది.

నదికి నేనూ పిల్లలూ వెళ్లాం. ఒడ్డున రెండువందల మందైనా ఉంటారు. బిగించేసరికి మర్నాడు పొద్దెక్కింది. బాలన్న బటన్ నన్ను నొక్కమన్నాడు. ప్రాచిని పిలిచాను. ఆ పిల్ల చెప్పులు విప్పి నిలబడి నొక్కింది.

మోటారు గొంతు నీకు తెలుసు కదా. సరిగా ఉన్నది ఎక్కడా గరగర అనదు, ఒక్క తీరుగా పాడుతుంది. మీటర్లు మూడూ ఒక్క గీత మీద నిలబడ్డాయి. పైపు రెండు కిలోమీటర్లు. అవతలి కొస దగ్గర హన్మాండ్లు ఫోను పట్టుకుని ఉన్నాడు. పదకొండు నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత బాలన్న ఫోనులోంచి ముసలాయన కేక అందరికీ వినబడింది.

“అచ్చినయ్! నీళ్లచ్చినయ్రా! తెల్లగ, పాల లెక్క!”

జనం ఈలలు వేశారు. ఆడవాళ్లు పిల్లలకు బొట్టు పెట్టారు. దీపాలి ఫోను గుంజుకుని, “తాతా, ఇగ మోసుడు గూడ నేర్సుకుంటం తియ్” అని అరిచింది. అవతల ఆయన ఏమన్నాడో నీళ్ల చప్పుడులో వినబడలేదు. నవ్వు మాత్రం వినబడింది.

బోర్డు దింపలేదు. నిన్న తుడిచాం.

చివరగా ఒక మాట. మోటారు దించిన రోజే బాలన్న నాతో చెప్పాడు. “మీ తమ్మునికి ఫోను జేసిన చెల్లే. నీతోని కాదు, కంపెనీకే పంపుమన్నడు. కంపెనీ ఇరవై ఐదు రోజులన్నది. దారి లేకనే నీ దగ్గరికచ్చిన.” నాకు బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పూట దీపం ముందు ఎక్కువసేపు కూర్చున్నాను. తర్వాత లేచి తీగ కొలిచాను.

నువ్వు చెడు తలపెట్టి అనలేదు. నాకు తెలుసు.

అక్క


పుణె,
6 ఫిబ్రవరి 2026

అక్కా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా దీదీ, అదే మా ఇంటి పనామె, వచ్చి ‘సర్, తబియత్ ఠీక్ హై నా’ అని, ఒంట్లో బాగుందా అని అడిగింది.

అవును, అన్నాను. నీ వల్ల కాదన్నాను. నువ్వు ఓడిపోతావేమో అన్న భయం కొంత. మిగతాది భయం కాదు, అదే నాకు సిగ్గుగా ఉంది. నీకు అంత వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అదే ఇంట్లో పెరిగాను, అదే తీగ వాసనలో చదువుకున్నాను. నాకు కనబడింది స్టూలొక్కటే. ఫోను సంగతి నీకు రాయకుండా దాచాను. అది ఇంకో తప్పు. ఈ రెండింటికీ క్షమించు.

నిన్న కమిటీ కూర్చుంది. నేను పట్టిక పక్కన పెట్టి నీ ఉత్తరం చదివాను, మరాఠీలోకి మార్చుకుంటూ. ‘ఒక సుట్టు దేవునికి’ దగ్గర అందరూ నవ్వారు. నీళ్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒక్కటే అడిగాను. కొత్త మోటారు కొంటే అది దేశం లెక్కలో ఎదుగుదల. ఆరువందల ఎకరాల గోధుమ పండితే అదీ లెక్కలో పడుతుంది. కాలిన మోటారు తొమ్మిది రోజుల్లో లేచి నిలబడకపోతే ఆ గోధుమే లేదు. ఆ పని ఏ గడిలో ఉంది? ఫ్యాక్టరీలో దిగే వేల మోటార్లూ ఒకనాడు కాలిపోయేవే. వాటిని నిలబెట్టేవాళ్లు తరిగిపోతే పెద్ద సంఖ్యలన్నీ దేని మీద నిలుస్తాయి?

గంటన్నర కొట్లాడుకున్నారు. చివరికి పట్టికలో మూడో గడి గీశారు. ‘మిగతా పనులు ఆగకుండా నిలబెట్టే వృత్తులు’. వెల్డర్లు, టర్నర్లు కూడా సగం మంది దాంట్లోకే వచ్చారు. మొదటి పేరు మోటారు వైండింగ్. నా చేతితోనే రాశాను.

మార్చిలో కమిటీ నీ దుకాణానికి వస్తుంది. ఉత్తరం ఎవరిదని అధ్యక్షురాలు అడిగితే ‘మా అక్కది’ అన్నాను. అలాగైతే మీరు రాకూడదు, మాకు మేమే చూస్తామన్నారు. న్యాయమే. ఏం జరిగిందో నువ్వే రాయాలి. ఈసారి ‘ఆఁ’, ‘ఊఁ’ అంటే ఒప్పుకోను.

నీ తమ్ముడు
సుభాష్


నాందేడ్,
28 ఏప్రిల్ 2026

చిరంజీవి సుభాష్‌కు ఆశీస్సులు.

క్షమించడానికి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి వదిలేయి.

కమిటీవాళ్లు మార్చి పదిన వచ్చారు. నలుగురు. అధ్యక్షురాలు నెమ్మదైన మనిషి. నా స్టూలు మీద కూర్చుని చూస్తానంది. వెంట ఒక పెద్దమనిషి కాగితాల కట్టతో వచ్చాడు. పిల్లలకు సర్టిఫికెట్లేవి, మీకేది అని మూడుసార్లు అడిగాడు. లేవని మూడుసార్లు చెప్పాను.

బాలన్న ఓ మూల కూర్చుని ఉన్నాడు. లేచాడు. “సర్టిఫికెట్ గావాల్నా సాబ్? జీపెక్కుండ్రి. ఆరువందల ఎకరాలున్నది. సదువుతందుకు రెండు దినాలు పడతది.”

నిజంగానే ఎక్కించుకుని పోయాడు. గోధుమ కోతకు వచ్చి ఉంది. కాగితాలాయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడట. తిరిగి వచ్చాక సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. నాలుగు వారాలకు ఆర్డరు వచ్చింది. వైండింగ్ పనివాళ్లకు ఇక పరీక్ష ఉంటుంది. నెగ్గితే ప్రభుత్వ గుర్తింపు, కాంట్రాక్టులు తీసుకునే హక్కు. మొదటి పరీక్ష మన దుకాణంలో. పరీక్షకురాలిని నేను.

నిన్న జరిగింది. పదకొండు మంది వచ్చారు. మన పిల్లలు ముగ్గురూ, బిలోలి నుంచి ఇద్దరు, మిగతావాళ్లు నాందేడ్ దుకాణాలవాళ్లు. హన్మాండ్లు తన మనవరాలిని పట్టుకొచ్చాడు. “ఇది పరీచ్చకు గాదు. నీ దగ్గర నేర్సుకునేటందుకు. మా దీపాలమ్మ ఒప్పుకుంటెనే” అన్నాడు. దీపాలి ఒప్పుకుంది. ముందు తీగ కట్ట మోయించింది.

తొమ్మిది మంది నెగ్గారు. ప్రాచికి అందరికంటే ఎక్కువ వచ్చాయి. మన పిల్లల మార్కులు నేను వేయలేదు, కమిటీ పంపిన బయటివాళ్లు వేశారు. మిగిలిన ఇద్దరినీ జూన్‌లో మళ్లీ రమ్మన్నాను. వాళ్లకూ వస్తుంది.

పరీక్షకురాలికి గుడ్డ కప్పిన కుర్చీ వేశారు. అమ్మవారికి దండం పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు లేచాను. అందులో కూర్చుంటే వాళ్ల ముఖాలే కనబడుతున్నాయి, చేతులు కనబడడం లేదు. మిగతా పొద్దంతా వాళ్ల పక్కనే నిలబడ్డాను.

అక్క